అప్పజెప్పిన చరిత్ర

“కామా కూడా తప్పలేదురా! ఒక్క కామా కూడా!”

కోటయ్యగారు డైనింగ్ టేబుల్ మీద అరచేత్తో చరిచిన చరుపుకి ఆవకాయ సీసా పక్కకి జరిగి ఉప్పుడబ్బాని పలకరించింది.

ఎదురుగా ఆయన కొడుకు ఉమాకాంత్, భార్య పేరున కాలేజీవాళ్ళు పంపిన ఈమెయిల్‌ని లాప్‌టాప్‌లో మళ్ళీ చదువుతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి చదువుతూనే ఉన్నాడు. చదివినకొద్దీ అది చిన్నదవుతుందని ఆశ కాబోలు.

“అదే నాన్నా ప్రాబ్లం. నాలుగు కామాలు తప్పినా ఈ గొడవ ఉండేది కాదు.”

“ఏం మాట్లాడుతున్నావురా? తెనాలి హైస్కూల్లో తల నెరిసేదాకా సోషల్ చెప్పినవాణ్ణి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్లని హెడ్మాస్టరు గదికి తీసుకెళ్ళి చప్పట్లు కొట్టించాను. వీళ్ళు నా కోడల్ని విచారణకి పిలుస్తారా? ఇదేం చదువుల దేశం?”

“ఇక్కడ దాన్ని కాపీ అంటారు.”

“కాపీ అంటే పక్కవాడి పేపర్లోకి తొంగిచూడ్డం. పుస్తకం హాల్లో ఉందా? లేదే! ఇదిగో, ఇక్కడుంది,” అంటూ ఆయన కోడలి తలకాయ వైపు వేలు చూపించారు.

ఆ తలకాయ స్టవ్ వైపు తిరిగి ఉంది. గిరిజ కాఫీ కలుపుతోంది. ఈ ఇంట్లో ఆమెకి కాఫీ విషయంలో సర్వాధికారాలూ ఉన్నాయి. కాపీ విషయంలోనే గురువారం నుంచి ప్రశ్నలు.

జరిగింది ఇంతే. ప్లేనో ఊరి కాలేజీలో ‘ఆధునిక అమెరికా చరిత్ర, మొదటి కోర్సు’లో గిరిజ చేరింది. గుంటూరు బి.కాం.ని ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోకపోతే, అకౌంటింగ్ మొదటినుంచీ చదువుతానంది. టెక్సస్‌లో ఏ డిగ్రీ కావాలన్నా ముందు ఈ దేశపు చరిత్ర గుమ్మం దాటాలన్నారు. సరేనంది. మొన్నటి పరీక్షలో 1930ల నాటి మహామాంద్యం గురించి వ్యాసం రాయమంటే, పాఠ్యపుస్తకంలోని అధ్యాయాన్ని మొదలు నుంచి తుది దాకా పొల్లుపోకుండా దించేసింది. పుస్తకం చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. నెలన్నర పాటు మామగారు హాల్లో కుర్చీ వేసుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దోసెకో పేరా చొప్పున అప్పజెప్పించుకున్నారు. ఆవిడ అట్టు తిరగేస్తే ఆయన పుట తిరగేశారు.

ప్రొఫెసర్‌కి మాత్రం పరీక్ష హాల్లో ఎక్కడో పుస్తకం దాచిపెట్టి చూసి రాసినట్టు కనబడింది. సోమవారం పొద్దున హియరింగ్. ఈలోపు విద్యార్థి తనంతట తాను కోర్సు వదులుకుంటే విషయం అక్కడితో సరి, అని ఆ ఈమెయిల్ చివర ఒక మర్యాద వాక్యం.

ఉమాకాంత్ కళ్ళు ఆ మర్యాద దగ్గరే ఆగిపోయాయి.

“అమ్మా,” అంది భానుశ్రీ, గిన్నెలో సీరియల్ పోసుకుంటూ. పదహారేళ్ళ పిల్ల. తెలుగు మాట్లాడితే టెక్సస్ గాలికి కొట్టుకొచ్చినట్టుంటుంది. “నువ్ చీట్ చెయ్లేదు, ఐ నో. కానీ నీ ఓన్ వర్డ్స్‌లో రాయాలి. దట్స్ ద రూల్.”

“నా ఓన్ వర్డ్స్ తెలుగులో ఉంటాయే. అవి రాస్తే ప్రొఫెసరమ్మకి అర్థమవుతాయా?”

“ఇంగ్లీష్‌లో నీ వర్డ్స్!”

“ఆ పుస్తకం రాసినాయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే బాగుంది కదా. అంత మంచి మాట ఎదురుగా పెట్టుకుని నా వంకరటింకర మాట పెద్దావిడకి పెట్టడం మర్యాదా? ఇంటికొచ్చినవాళ్ళకి వెండి గ్లాసు ఉండగా ప్లాస్టిక్ గ్లాసులో ఇస్తామా?”

“భలే చెప్పావమ్మాయ్!” అన్నారు కోటయ్యగారు.

“ఓ మై గాడ్ తాతయ్యా, యూ ఆర్ నాట్ హెల్పింగ్.”

గిరిజ కాఫీ గ్లాసు మొగుడి ముందు పెట్టింది. “ఏవండీ, సోమవారం నన్ను కాలేజీ దగ్గర డ్రాప్ చెయ్యండి.”

“డ్రాప్ చెయ్యడమే మంచిది. నిన్ను కాదు. కోర్సుని.”

గ్లాసు మీద నుంచి గిరిజ చెయ్యి తియ్యలేదు. “ఎందుకు?”

“ఎందుకా? నీకు తెలీదా మన సిట్యుయేషన్? ఆఫీసులో ప్రతి శుక్రవారం లేఆఫ్స్. పక్క క్యూబ్‌లో పద్మనాభం పోయిన వారందాకా నాతో లంచ్ చేశాడు. ఇప్పుడు కుర్చీ ఖాళీ. గ్రీన్‌కార్డ్ ఫైలు ఎక్కడుందో ఆ లాయర్‌కే తెలీదు. ఇప్పుడు నీ పేరు మీద చీటింగ్ అని రికార్డ్‌లో పడితే?”

నిజానికి ఆ ఏడాది, 2009లో, ఉమాకాంత్ ఆఫీసులో ‘లే’ అంటే చాలు, మనిషి ‘ఆఫ్’. దాంతో ఇంట్లో అతనికి కనబడిన ప్రతి స్విచ్చీ భయంగానే ఉంది.

“చీటింగ్ చేస్తేగా పడ్డానికి?”

“చేశావా లేదా అని వాళ్ళు అడగరు గిరిజా. పేరు ఫైల్లో ఉందా లేదా అని చూస్తారు.”

“నాన్నా, కాలేజ్ గ్రేడ్‌కీ గ్రీన్‌కార్డ్‌కీ కనెక్షన్ లేదు,” అంది భానుశ్రీ.

“నువ్వు లాయర్‌వా?”

“నువ్వు లాయర్‌వా?”

తండ్రీకూతుళ్ళ వాదనలో లాయర్ ఎవరూ లేరని తేలింది.

“తప్పు చేసినవాళ్ళు పారిపోతారు,” అంది గిరిజ. “నేనెందుకు పారిపోవాలి? వెళ్తాను. చెప్తాను.”

“ఏ ఇంగ్లీషులో చెప్తావు? ఇంకో కోర్సు ఇంకో ఏడాది తీసుకోవచ్చు. కొంచెం సర్దుకో గిరిజా.”

సర్దుకో. ఈ మాట ఆ ఇంట్లో గిన్నెలకీ బట్టలకీ గిరిజకీ సమానంగా వర్తిస్తుంది. ప్లేనో వచ్చిన కొత్తల్లో ఉద్యోగం చేస్తానంటే, భార్యలకిచ్చే హెచ్-4 వీసా ఒప్పుకోదన్నారు. ఆ వీసాలో హెచ్చేమీ లేదు, నాలుగు గోడలు మాత్రం ఉన్నాయి. సర్దుకుంది. కారు ఒకటే, అది ఆఫీసుకి. సర్దుకుంది. బ్యాంకు, స్కూలు, ఇన్సూరెన్సు, ఆఖరికి ఆమె కాలేజీ ఖాతా కూడా తెరిచింది ఉమాకాంతే. పాస్‌వర్డ్ పెట్టింది ఉమాకాంతే. గిరిజకి వచ్చిన ఈమెయిల్ గిరిజ కంటే ముందు చదివేదీ అతనే. దానికీ సర్దుకుంది.

“ఈసారి సర్దుకోను,” అంది.

అని కాఫీ గ్లాసు వెనక్కి తీసుకుని, తనే తాగేసింది.

---

శనివారం నుంచి ఇంట్లో ప్రచ్ఛన్నయుద్ధం. గిరిజ పుస్తకంలో ఆ అధ్యాయందాకా ఇంకా రాలేదు గాని, అధ్యాయమే ముందుగా ఇంటికొచ్చేసింది.

రెండు శిబిరాల మధ్యా సంభాషణలు భానుశ్రీ ద్వారా నడిచాయి.

“అమ్మా, నాన్న పెరుగు అడుగుతున్నారు.”

“ఫ్రిజ్ తలుపుకి పాస్‌వర్డ్ లేదని చెప్పు.”

“నాన్నా, ఫ్రిజ్‌కి…”

“వినబడింది.”

ఆదివారం మధ్యాహ్నం ఉమాకాంత్ సంధికి దిగాడు. బట్టలు మడతపెడుతున్న గిరిజ పక్కన కూర్చుని, తన చొక్కా తనే మడతపెట్టబోయి, దాన్ని ఉండగా చుట్టి, “ఒక డీల్ చేసుకుందాం,” అన్నాడు.

“చెప్పండి.”

“ఈ కోర్సు వదిలెయ్. ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో ఏదైనా తీసుకుందువుగాని. ఇంట్లోంచే. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.”

మాంద్యం కాలంలో ప్రభుత్వం తెచ్చిన ‘న్యూ డీల్’ గురించి గిరిజ పన్నెండు పేజీలు గడగడా చెప్పగలదు. ఇది మాత్రం పాత డీలే. పైన కవరు మార్చారు.

“నాకు మొహాలు చూడాలనే ఉందండీ. ఆ క్లాసులో నా పక్కన ఒక ముసలాయన కూర్చుంటాడు. ట్రక్కు నడిపి రిటైరయ్యాడట. మాంద్యం పాఠం చెప్తుంటే వాళ్ళమ్మ పిండి సంచులతో గౌన్లు కుట్టిందని చెప్పాడు. వెనకాల ఒక పిల్ల నిద్రపోతూ ఉంటుంది, రాత్రంతా ఎక్కడో పనిచేసి వస్తుందట. వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తారు. జిరీజా అంటారు, తప్పే. కానీ భాను వాళ్ళమ్మ అనరు. ఉమాకాంత్‌గారి మిసెస్ అసలే అనరు.”

ఆమె నోట ఆ పేరు రాలేదు సుమా. పైది మన సౌకర్యం కోసం రాసుకున్నాం. ఆమె అన్నది “మీ మిసెస్” అని. పెళ్ళయిన నాటి నుంచి గిరిజ మొగుడి పేరు పైకి పలకలేదు. వాళ్ళమ్మ పలకలేదు, వాళ్ళమ్మమ్మ పలకలేదు. మందుల షాపు కౌంటర్లో భర్త పేరు అడిగితే ఇన్సూరెన్సు కార్డు చేతికిస్తుంది. కార్డు లేకపోతే కూతుర్ని ముందుకి తోస్తుంది. అదేం పట్టింపని భానుశ్రీ నవ్వితే, “పట్టింపు కాదే, నాలుక తిరగదు,” అనేది.

“అంటే వెళ్తావన్నమాట,” అన్నాడు ఉమాకాంత్.

“వెళ్తాను.”

“ఏం జరిగినా నన్ననకు.”

“మిమ్మల్ని ఎప్పుడేమన్నాను?”

అది నిజమే కాబట్టి అతను లేచిపోయాడు. ఉండచుట్టిన చొక్కా అక్కడే ఉండిపోయింది.

సాయంత్రానికి కోటయ్యగారు కోడలి తరఫున రంగంలోకి దిగారు. ఒక తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో ప్రసంగం సిద్ధం చేశారు. ‘గౌరవనీయులైన అమ్మగారికి’తో మొదలై ‘తమ విధేయురాలు’తో ముగుస్తుంది.

“రేపు ఇది చెప్పు. ఏదీ, ఒకసారి అప్పజెప్పు.”

గిరిజ రెండు వాక్యాలు చెప్పి ఆగింది. “మావయ్యగారూ, ఇదీ బట్టీయేగా?”

“బట్టీ కాదమ్మా, బందోబస్తు.”

“నేను మాంద్యం చదివేటప్పుడు మిమ్మల్ని ఒకటడిగాను, గుర్తుందా? మగవాళ్ళ ఉద్యోగాలు ఎలా పోయాయో ఆ పుస్తకమాయన పేజీలు పేజీలు రాశాడు. ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి ‘స్త్రీలు ఉన్నదానితో సర్దుకున్నారు’ అని ఒక్క వాక్యం రాసి పక్క పేరాకి వెళ్ళిపోయాడు. అంతేనా అనడిగాను.”

“పరీక్షకి అంతే చాలన్నాను.”

“చాలిందాండీ?”

కోటయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఎందుకైనా మంచిది, రేపు నేనూ వస్తాను. నేర్పినవాణ్ణి నేను. అడిగితే నన్నడగమను.”

---

సోమవారం పొద్దున్నే వాతావరణం హఠాత్తుగా మారిపోయింది. బయట కాదు, ఇంట్లో.

గిరిజ స్నానం చేసి వచ్చేసరికి ఉమాకాంత్ డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాడు. ఆమెని చూసి లాప్‌టాప్ మూసేశాడు.

“ఆఫీసు మెయిల్,” అన్నాడు, అడగకముందే.

తర్వాత తనే కాఫీ కలిపాడు. తండ్రి కోటు గుండీ పెట్టాడు. “పదండి, నేనే డ్రాప్ చేస్తా,” అన్నాడు, నవ్వుతూ.

గిరిజ ఆశ్చర్యంగా చూసింది. “ఆఫీసుకి లేటవదూ?”

“అవనీ. నువ్వు లోపలికెళ్ళి రా. నీ తృప్తి కోసం. నేను బయట వెయిట్ చేస్తా.”

కార్లో ముందు సీట్లో కోటయ్యగారు, వెనక సీట్లో గిరిజ. దారంతా ఉమాకాంత్ హుషారుగా ఉన్నాడు. బరువు దింపుకున్నవాడు విజిల్ వేసినట్టు వేళ్ళతో స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాడు. మొగుడు మారాడనుకుంది గిరిజ. మనసులో కొంచెం కరిగింది కూడా. సాయంత్రం గుత్తొంకాయ చేద్దామనుకుంది.

కాలేజీలో ఆ గదికి అద్దాల తలుపు. బయట వరండాలో కుర్చీలు. ఉమాకాంత్ ఒక కుర్చీలో కూలబడి ఫోన్ తీశాడు. గిరిజా మామగారూ లోపలికెళ్ళారు. ఒక టేబుల్, అవతల ఇద్దరు. చరిత్ర చెప్పే డాక్టర్ వీవర్, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న బక్కపలచని మనిషి. పక్కన విభాగం పెద్ద, టై కట్టిన భారీకాయం.

అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. మనం తెలుగులో విందాం.

“ఈయన ఎవరు?” అన్నాడు విభాగం పెద్ద.

“మా మామగారు. నా మాస్టారు,” అంది గిరిజ.

“వినవచ్చు. మాట్లాడకూడదు.”

కోటయ్యగారికి ఇది జీవితంలో మొట్టమొదటి కఠినశిక్ష.

డాక్టర్ వీవర్ గిరిజ జవాబుపత్రం, పాఠ్యపుస్తకం పక్కపక్కన పెట్టింది. పత్రమంతా పసుపు గీతలు, పెళ్ళి శుభలేఖలా.

“ప్రతి వాక్యం పుస్తకంలోదే. పరీక్షలో పుస్తకం ఎక్కడ పెట్టుకున్నారు?”

“తలలో.”

“క్షమించాలి?”

“పేజీ చెప్పండి.”

వీవర్ ఒక క్షణం ఆమెని చూసింది. పుస్తకం ఎక్కడో మధ్యలో తెరిచి, పేరాలో మొదటి మూడు మాటలు చదివింది.

గిరిజ కళ్ళు మూసుకుంది. ప్లేనో కాలేజీ గది పోయింది. పెనం మీద నూనె చుక్క చిటపటలాడింది. కామా దగ్గర ఊపిరి, ఫుల్‌స్టాప్ దగ్గర గుక్క. బ్యాంకులు మూతపడ్డాయి, పొలాల మీద దుమ్ము లేచింది, రొట్టె కోసం జనం బారులు తీరారు. పేరా తర్వాత పేరా దోసెల్లా వచ్చి పడ్డాయి. కోటయ్యగారి పెదాలు శబ్దం లేకుండా కదులుతున్నాయి. ఒకచోట కోడలు ఒక చిన్నమాట వదిలేసింది. ఆయన వేలు ఠక్కున లేచింది. గిరిజ కళ్ళు మూసుకునే ఉంది, అయినా ఆగి, ఆ మాట పెట్టి, ముందుకి సాగింది.

విభాగం పెద్ద కుర్చీ కిర్రుమంది. “చాలు,” అన్నాడు. “చాలండీ.”

వీవర్ పుస్తకం మూసింది.

“మీరు చూసి రాయలేదు. నేను పొరబడ్డాను,” అంది. “కానీ మిసెస్ గిరిజా, ఈ పేపర్‌కి ఇప్పటికీ నేను మార్కులు వెయ్యలేను. ఎందుకంటే ఇందులో మీరు లేరు. తలుపు కొట్టాను, లోపల ఎవరూ పలకలేదు. ఆ పుస్తకం ఏమందో నాకు తెలుసు. మీరేమంటారు?”

కోటయ్యగారు జేబులో కాగితం తడుముకున్నారు. గౌరవనీయులైన అమ్మగారికి.

గిరిజ ఆయన వైపు చూడలేదు.

మీరేమంటారు. ఆ ప్రశ్న ఆమెకి కొత్త. ఏం వండావు, ఎప్పుడొస్తావు, ఎక్కడ పెట్టావు, ఇవి తెలుసు. పుస్తకం వైపు చెయ్యి చాపి, పేజీలు తిప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

“ఇది,” అంది. “స్త్రీలు సర్దుకున్నారు. ఇది అబద్ధం.”

“అబద్ధమా?”

“సర్దుకోవడం ఒక వాక్యం కాదు. రోజంతా పని. పిండి సంచి విప్పి గౌను కుట్టాలి. పిల్లకి అది సంచి అని తెలియకూడదు. ఉద్యోగం పోయిన మగవాడికి చారులో నీళ్ళు ఎక్కువయ్యాయని తెలియకూడదు. ఆయన కోపంగా ఉంటే భయంగా ఉన్నాడని తెలియాలి. తెలిసినట్టు కనబడకూడదు. ఇదంతా చేసినామెని ‘సర్దుకుంది’ అని ఒక్క ముక్కలో తోసేసి, ఈ పుస్తకం రాసినాయన తర్వాత పేరాలో స్టీలు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. నేను ఒప్పుకోను.”

వ్యాకరణం మూడుచోట్ల విరిగింది. ఎవరూ ఏరుకోలేదు.

డాక్టర్ వీవర్ మొహం మెల్లగా వెలిగింది. “ఇది రాయండి. గురువారం మీకు మళ్ళీ పరీక్ష పెడతాను. పుస్తకం దగ్గర పెట్టుకుని మరీ రాయండి. దానితో పోట్లాడండి.”

గిరిజ నవ్వింది. కోటయ్యగారు చప్పట్లు కొట్టబోయి, శిక్ష గుర్తొచ్చి, చేతులు జోడించారు.

“అయితే అలా నమోదు చేస్తాను,” అంటూ విభాగం పెద్ద కంప్యూటర్ వైపు తిరిగాడు. రెండు మీటలు నొక్కాడు. నుదురు ముడిపడింది. ఇంకో మీట నొక్కాడు.

“మేడమ్, మీరు ఈ కోర్సులో లేరు.”

“అదేమిటి?”

“ఇవాళ పొద్దున మీ ఖాతా నుంచే కోర్సు వదులుకున్నారు. ఇదిగో. ఇక్కడ మీ పేరు.”

తెరని ఆమె వైపు తిప్పాడు. గిరిజ చూసింది. పేరు ఆమెదే. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది.

మూసిన లాప్‌టాప్. కలిపిన కాఫీ. స్టీరింగ్ మీద తాళం. డ్రాప్ చేస్తా, అన్నాడు. అప్పటికే చేసేశాడు.

“పొరపాటున నొక్కారా?” అన్నాడు విభాగం పెద్ద. “విద్యార్థి తనంతట తాను వదులుకుంటే ఈ సెమిస్టర్‌లో మళ్ళీ చేర్చుకోవడానికి లేదు. నిబంధన. మీకు తెలియకుండా వేరేవాళ్ళు చేస్తే మాత్రం తిప్పెయ్యగలను. కానీ ఎవరు చేశారో చెప్పాలి. అది ఫైల్లోకి వెళ్తుంది.”

ఫైల్లోకి. అద్దాల తలుపుకి అవతల ఉమాకాంత్ తలవంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఫైలంటే వణికే మనిషి.

కోటయ్యగారు ముందుకి వంగారు. నిషేధం మరిచిపోయారు. తెలుగులో, గుసగుసగా, “వద్దమ్మాయ్,” అన్నారు. “వాడి పేరు ఎక్కించకు. భయంతో చేశాడు వెధవ. పొరపాటున నొక్కానని చెప్పు. ఇదిగో, నేనన్నట్టు అను…” అని ఒక ఇంగ్లీషు వాక్యం అందించారు. చక్కటి వాక్యం. కర్తా కర్మా క్రియా అన్నీ వాటి వాటి చోట్లలో ఉన్నాయి. తిరిగి అప్పజెప్పడమే తరువాయి.

గిరిజ ఆయన వైపు తిరిగింది. ఈ మనిషి దోసె దోసెకీ పుట తిప్పాడు. తను జ్వరంగా ఉందంటే పేరా తగ్గించాడు. కోడలు చదువుతుందని ప్లేనో పార్కులో కనబడిన ప్రతి తాతకీ చెప్పుకున్నాడు.

“మావయ్యగారూ, మీరు నేర్పినవన్నీ అప్పజెప్పాను. ఇదొక్కటి అప్పజెప్పను.”

“కొంచెం సర్దుకో తల్లీ…”

ఆ మాట ఎక్కడ పడిందో ఆయనకే వినబడింది. వెనక్కి జరిగి కూర్చున్నారు.

గిరిజ విభాగం పెద్ద వైపు తిరిగింది.

“వేరేవాళ్ళ మాటలు నా పేరు మీద పెట్టానని నన్ను ఇక్కడికి పిలిచారు. సరే. ఇప్పుడు నా పేరు మీద వేరేవాళ్ళ మాట పెట్టారు. ఇది కూడా నాది కాదు.”

డాక్టర్ వీవర్ తలవంచుకుంది.

“ఎవరిది?” అన్నాడు విభాగం పెద్ద, పెన్ను తీసి. “పేరు?”

పర్సులో ఇన్సూరెన్సు కార్డు ఉంది. చెయ్యి అలవాటుగా పర్సు జిప్పు మీదకి వెళ్ళింది. ముందుకి తొయ్యడానికి కూతురు పక్కన లేదు.

గిరిజ జిప్పు వదిలేసి లేచింది. అద్దాల తలుపు తెరిచింది. వరండాలో పిల్లలు పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. కుర్చీలో ఆయన, పక్కన ఆమె కోసం కొని ఉంచిన కాఫీ, మూత మీద ఇంకా ఆవిరి.

“ఉమాకాంత్!”

ఇంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. వరండా అంతా ఆగింది. వెనక గదిలో కోటయ్యగారి కుర్చీ ఒరుసుకున్న చప్పుడు.

ఉమాకాంత్ తలెత్తాడు. ఆ గొంతు తెలుసు. ఆ పేరూ తెలుసు. రెండూ కలిపి ఎప్పుడూ వినలేదు. అందుకే, ఆ పేరుగలవాడు ఇంకెవరైనా ఉన్నాడేమోనని, వెనక్కి తిరిగి చూశాడు.